పైడిరాజు బ్రేకు

"మీ మిషన్ నా నోరు పాడు చేసేసింది మేడం," అంది వహీదా, కుర్చీలో కూర్చోకుండానే.

ఝాన్సీ కంప్యూటర్ మీంచి తలెత్తింది. వహీదాకు నలభై ఏళ్ళుంటాయి. విశాఖలో కంచరపాలెం వైపు జాకెట్లు కుట్టేది. మెడ నొప్పి పట్టి కుట్టుపని మానేశాక, పిల్లల్ని బడికి దింపే వ్యాను నడుపుదామని డ్రైవింగ్ నేర్చుకుంది. ఈ పరిశోధన కేంద్రంలో శిక్షణ పొందిన అరవై మందిలో ఆఖరిది ఆమే.

"ఏమైంది వహీదా గారూ?"

"బ్రేకు తొక్కినప్పుడల్లా నోట్లోంచి ఒక మాట వచ్చేస్తంది. ఆపుకుందామన్నా ఆగట్లేదు. మొన్న మా ఆయన పక్క సీట్లో ఉన్నాడు. మద్దిలపాలెం సిగ్నల్లో పసుపు లైటు పడింది. గీతకి ముందే చక్కగా ఆపాను. ఆపుతూ అనేశాను. ఆయన కొంచెం పొట్టి మేడం. తననే అన్నానని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు."

వెనక వైర్లు చుడుతున్న టెక్నీషియన్ కృపానందం కిసుక్కున నవ్వాడు.

"ఇంతకీ ఏం మాటండీ?" అన్నాడు.

"బుడంకాయ్."

ఝాన్సీ చేతిలో పెన్ను ఆగిపోయింది.

కృపానందం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ పేరు అతనికి తెలియదు. ఈ కేంద్రంలో ఎవరికీ తెలియదు. ఐదేళ్ళ వయసులో ఝాన్సీ గుండ్రంగా, పొట్టిగా, చేలగట్టున దొర్లే బుడంకాయలా ఉండేది. ఆ పేరు పెట్టింది ఒక్క మనిషి. ముప్పై మూడేళ్ళు వచ్చినా ఇంట్లో అలా పిలిచేది ఆ ఒక్క మనిషే.

"మీరు వెళ్ళండి వహీదా గారూ. నేను చూస్తాను," అంది ఝాన్సీ.

*

ముప్పై ఒక్క ఏళ్ళ ఆర్టీసీ ఉద్యోగంలో ఝాన్సీ తండ్రి పైడిరాజు ఒక్క కోడిపిల్లకు కూడా బండి తగిలించలేదు. ఝాన్సీ తయారుచేసిన యంత్రానికి ఆయన్ని ఎంచుకున్నది అందుకే.

ఎర్ర లైటుకు ఆగాలని తెలియని మనిషి ఎవరు? లెర్నర్ లైసెన్సు పరీక్షలో అందరూ సరిగ్గానే రాస్తారు. పసుపు పడితే గీతకు ముందే ఆగాలి, అప్పటికే గీత దాటేస్తేనే సాగిపోవాలి. సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. సర్కిల్లో అప్పటికే తిరుగుతున్నవాడిది ముందు. జీబ్రా గీతల మీద కాలు పెట్టిన మనిషిది అందరికంటే ముందు. అన్నీ తెలుసు. తీరా రోడ్డెక్కాక పసుపు లైటు చూడగానే కొత్త డ్రైవరు కాలు వెళ్ళి యాక్సిలరేటరు మీద పడుతుంది. తలకు తెలిసిన సంగతి కాలికి చేరడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలోనే మనుషులు పోతారు.

ఆ ఏళ్ళను తొమ్మిది నిమిషాలకు కుదించడం ఝాన్సీ పని. యంత్రానికి 'తోడు' అని పేరు పెట్టింది. రెండు కుర్చీలు, రెండు స్టీరింగులు, రెండు టోపీలు, ఎదురుగా తెర మీద ఒక కూడలి. ఒక కుర్చీలో పాత డ్రైవరు, ఇంకో కుర్చీలో కొత్త డ్రైవరు. పాత కాలికి ఉన్న అలవాటు కొత్త కాలికి వెళుతుంది. ముందుగా రికార్డు చేసి పెట్టిన సంకేతాలు పనిచేయలేదు. బతికున్న మెదడు నుంచే వెళ్ళాలి.

మొదటి రోజు పైడిరాజు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. కృపానందం ఇంకా రాలేదు, గదిలో తండ్రీకూతుళ్ళిద్దరే. జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి కుర్చీ చక్రాల కింద పెట్టాడు.

"నాన్నా, ఇది కుర్చీ. ఎక్కడికీ వెళ్ళదు," అంది ఝాన్సీ.

"చక్రం ఉంది కదే. ఉన్నాక పెట్టాలి." స్టీరింగును రెండు చేతులతో తాకి కళ్ళకు అద్దుకున్నాడు. "సరే, ఇప్పుడు సెప్పు. నా బుర్రలోంచి ఏటి తీస్తావు?"

"పాలల్లో తోడు వేస్తాం చూడు, అలాగ. నీ దగ్గర నుంచి ఒక్క చుక్క."

"చుక్క చుక్కా తీస్తే గిన్నె కాళీ అయిపోదేటే బుడంకాయ్?"

"రాత్రి నిద్రపోతావు కదా. పొద్దుటికి మళ్ళీ తోడుకుంటుంది."

ఆ మాట చెప్పినప్పుడు ఝాన్సీ దాన్ని నిజంగా నమ్మింది. జ్ఞాపకాన్ని కదిపిన ప్రతిసారీ అది కాసేపు మెత్తబడుతుంది, తర్వాత నిద్రలో మళ్ళీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు యంత్రం కొంచెం వంపుకుంటుంది. కోతుల మీద చేసిన ప్రయోగాల్లో పొద్దుటికల్లా లోటు పూడింది.

కోతులకు పన్నెండు సార్లు చేశారు. పైడిరాజుకు అరవై సార్లు చేశారు.

*

ఆ మధ్యాహ్నం ఝాన్సీ తలుపు మూసుకుని శిక్షణ పొందినవాళ్ళకు ఫోన్లు చేసింది. ఒక కాలేజీ లెక్చరర్ సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. "అవునండీ, ఏదో చిన్నప్పటి మాట అనుకున్నాను." బ్యాంకు ఉద్యోగి ఒకతను గొంతు దాకా వచ్చినదాన్ని మింగేస్తున్నానన్నాడు. మందుల షాపు అమ్మాయి, "మీకెలా తెలుసు మేడం?" అని ఎదురడిగింది. పదకొండు మందికి చేశాక ఝాన్సీ ఫోను పక్కన పెట్టేసింది.

వాళ్ళకు వెళ్ళింది ఏ బ్రేకో ఆమెకు అర్థమైంది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, గాజువాకలో మధ్యాహ్నం పన్నెండున్నర. తల్లి అచ్చియ్యమ్మ ఒక చేత్తో తండ్రికి అన్నం క్యారేజీ, ఇంకో చేత్తో ఝాన్సీని పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. నాన్న బస్సు కనబడగానే ఝాన్సీ చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. బస్సుకు పచ్చ లైటు ఉంది. దారి బస్సుదే. పైడిరాజు తొక్కిన బ్రేకుకు వెనక సీట్లలో వాళ్ళు ముందుకొచ్చి పడ్డారు, ఒకాయన పన్ను ఊడింది. బంపరుకూ ఝాన్సీ ముఖానికీ మధ్య జానెడు దూరం మిగిలింది. పైడిరాజు దిగి, కూతుర్ని ఎత్తుకోవడానికి కూడా ఓపిక లేక, నడిరోడ్డు మీద కూలబడి ఒక్కటే మాట అన్నాడట.

ఆ రోజు నుంచి పచ్చ లైటున్నా సరే ఆయన కాలు బ్రేకు మీద ఆనుకునే ఉండేది. అందుకే ఒక్క ప్రమాదం లేదు. యంత్రం ఆయన మెదడులో వెతికి, అన్నింటికంటే బలమైన బ్రేకును పట్టుకుంది. దాని చుట్టూ ఏం అల్లుకుని ఉందో యంత్రం అడగలేదు. ఝాన్సీ కూడా అడగలేదు.

నాన్న తనను చివరిసారి ఆ పేరుతో ఎప్పుడు పిలిచాడు? ఆమె గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. పొద్దున్న కాఫీ ఇస్తే "పెట్టమ్మా" అన్నాడు. నిన్న "తలుపేసుకోమ్మా" అన్నాడు. ఆయన కూరగాయలమ్మే మనిషిని కూడా అమ్మా అనే అంటాడు. ఎన్ని వారాలు వెనక్కి వెళ్ళినా అమ్మా తప్ప ఇంకేమీ వినబడలేదు.

రిజిస్టరు తీసింది. ప్రతి శనివారం పైడిరాజుకు జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. పది మంది ఇంటివాళ్ళ ఫోటోలు చూపించి పేర్లు అడుగుతారు. కూతురు కాబట్టి ఆ గదిలోకి ఝాన్సీ వెళ్ళకూడదని నిబంధన. పరీక్ష పెట్టేది కృపానందం. పదహారు వారాలు, పదహారు సార్లూ పదికి పది.

పదికి పది. ఝాన్సీ ఊపిరి పీల్చుకుంది. పేరు పిలవడం మానేస్తే మానేశాడు, వయసు మీద పడుతోంది, కూతురు పెద్దదైందని అనుకుని ఉంటాడు. తనకు తాను అలా చెప్పుకుంది.

*

సాయంత్రం తండ్రిని తీసుకుని మందులు కొనడానికి వెళ్ళింది. కూడలి దగ్గర నడిచేవాళ్ళకు ఎర్ర బొమ్మ వెలుగుతోంది. బండ్లు జోరుగా పోతున్నాయి. పైడిరాజు ఆ ఎర్ర బొమ్మను చూశాడు. చూసి, నింపాదిగా రోడ్డు మీదికి దిగాడు.

ఝాన్సీ చొక్కా పట్టుకుని లాగింది. ఒక మోటారు సైకిలు ఆయన మోచేతికి రాసుకున్నట్టుగా పోయింది. నడిపేవాడు వెనక్కి తిరిగి మరీ బూతులు తిట్టాడు.

"నాన్నా! ఎర్ర లైటు కనబడలేదా?"

"కనపడింది."

"ఎర్రదంటే ఏం చెయ్యాలి?"

"ఆగాలి. గీతకి ఇవతలే ఆగాలి. అది కూడా తెలీకుండా ముప్పయ్యొక్క ఏళ్ళు బండి తోలానేటమ్మా?"

"మరెందుకు దిగావు?"

పైడిరాజు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. కొత్త చెప్పులు కరుస్తున్నాయేమో అన్నట్టు చూసుకున్నాడు.

"కాలికి తెలీలేదు," అన్నాడు.

*

మర్నాడు ఆదివారం. నిబంధనలు పక్కన పెట్టి ఝాన్సీ పరీక్ష గదిలోకి తనే వెళ్ళింది. ఫోటోల కట్టను పేక కలిపినట్టు కలిపింది. ఒక్కొక్కటిగా తండ్రి ముందు పెట్టసాగింది. కృపానందం తలుపు దగ్గర నిలబడ్డాడు.

మొదటి ఫోటో ఝాన్సీదే. డాక్టరేటు పట్టా పుచ్చుకున్న రోజు తీసింది.

"మా ఆవిడ, అచ్చియ్యమ్మ," అన్నాడు పైడిరాజు ఠక్కున.

రెండో ఫోటో అచ్చియ్యమ్మది. పోయి ఆరేళ్ళయింది.

"మా చెల్లి నూకాలు."

మూడోది నూకాలమ్మ ఫోటో. డెబ్భై ఏళ్ళ మనిషి, నెరిసిన జుట్టు, నోట్లో చుట్ట. పైడిరాజు దాని వైపు ఒక క్షణం చూశాడు. పెదవులు కదిలాయి. లెక్కపెట్టుకుంటున్నట్టుగా ఒకటి, రెండు, మూడు.

"మా అమ్మాయి ఝాన్సీ," అన్నాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఝాన్సీ ముఖం చూసి పైడిరాజు తల వంచుకున్నాడు.

"వరస మార్చేశావేటి?" అన్నాడు మెల్లగా.

ఝాన్సీకి ఏడో తరగతి నాటి సంగతి కళ్ళ ముందు కదిలింది. డ్రైవర్లకు కంటి పరీక్ష ఉండేది. అక్షరాల చార్టు చదవలేకపోతే బండి మీంచి దించేసి టైర్లు కడిగే పనిలో వేసేస్తారని భయం. దూరపు చూపు తగ్గినవాళ్ళు చార్టు మొత్తాన్ని వరసగా బట్టీపట్టి వెళ్ళేవారు. ఆ ఏడు పైడిరాజు చేత వారం రోజులు సాయంత్రాలు కూర్చుని బట్టీ పట్టించింది ఝాన్సీయే. ఒక్క అక్షరం తప్పు పోకుండా అప్పజెప్పాడు. కళ్ళజోడు ఆ తర్వాత కొనుక్కున్నాడు.

ఆ విద్య నేర్పింది తనే. ఫోటోల వరస పదహారు వారాలు మార్చకుండా ఉంచిందీ తనే.

"నా తప్పే మేడం," అన్నాడు కృపానందం తలుపు దగ్గర నుంచే. "ఏడో వారంలో మీ ఫోటో దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు మసగ్గా ఉంది, ఎవరు బాబూ ఈ పిల్ల అన్నారు. అందించాను. ఆ వారమే ఇంకో రెండు కూడా అందించాను. పెద్దాయన కదా, తప్పు రాయడమెందుకులే అనుకున్నాను. తర్వాత వారం నుంచి గడగడా చెప్పేశారు."

ఝాన్సీ తండ్రి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది.

"ఎందుకు దాచావు నాన్నా?"

"సెప్తే ఆపేస్తావు కదా."

"ఆపెయ్యనూ మరి?"

"రిటైరైనాక ఒక్కడు బండి తాళం నా సేతికివ్వలేదు. అరవై మంది కాళ్ళలో నువ్వే బ్రేకు తొక్కుతావు అని ఎవరో సెప్పారు. నువ్వే సెప్పావనుకుంటాను. నాకది నచ్చింది." ఆయన ఆమె ముఖంలోకి మర్యాదగా, జాగ్రత్తగా చూశాడు. "ఇంతమందికి దారి సూపిస్తే నాది కొంచెం పోతే పోయింది అనుకున్నాను. ఏది పోద్దో ముందర తెలీదు కదా."

ఝాన్సీ అడగకూడదనుకున్న ప్రశ్న అడిగేసింది.

"నేనెవర్నో తెలుసా నాన్నా?"

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. బట్టీ పట్టింది అప్పజెప్పడమే చేతనవుతుంది.

"పొద్దున్నే కాఫీ ఇస్తావు. మందులిస్తావు. నా పక్కన కూకుని అన్నం తింటావు. నాన్నా అంటావు." చెయ్యి సాచి ఆమె తల మీద వెయ్యబోయి, వెయ్యొచ్చో లేదో తెలియక మధ్యలో ఆపేశాడు. "కూతురివే అయ్యుంటావమ్మా."

*

తోడును తిరగేయవచ్చు. కొత్త మెదడు నుంచి పాత మెదడుకు వెనక్కి పంపవచ్చు. ఇచ్చినవాడికి మొత్తం రాకపోయినా ఒక వేరు దొరికితే మిగతాది దాన్ని పట్టుకుని మళ్ళీ అల్లుకునే అవకాశం ఉంది. ఝాన్సీ మూడు రోజులు నిద్ర లేకుండా లెక్కలు వేసింది. అచ్చు ఎవరిలో తాజాగా ఉందో వాళ్ళ నుంచి తీసుకోవాలి. అంటే అందరికంటే చివరిగా నేర్చుకున్న వహీదా నుంచి.

విషయం చెప్పగానే వహీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అల్లా. ఆ మాట మీ పేరా మేడం? నేను దాని మీద జోకులేశాను." వెంటనే కుర్చీలో కూర్చుంది. "పెట్టండి టోపీ. తాతది తాతకి ఇచ్చేద్దాం."

పక్క కుర్చీలో పైడిరాజు అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఈసారి నిమ్మకాయలు తేలేదు. చక్రాల కింద కృపానందం పెట్టాడు.

ఝాన్సీ వహీదా టోపీ పట్టీలు బిగిస్తోంది. ఇంకో తొమ్మిది నిమిషాలు. తొమ్మిది నిమిషాల తర్వాత నాన్న తలెత్తి తనను చూసి ఆ వెర్రి పేరుతో పిలుస్తాడు. ఆమెకు కావలసింది అదొక్కటే.

"మేడం, ఇది ఇచ్చేశాక రేపు వ్యాను తోలొచ్చా?" అడిగింది వహీదా.

"వద్దు. మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. ఏడాదో, రెండేళ్ళో."

"పర్లేదులెండి. కుట్టుమిషన్ ఇంకా అమ్మలేదు." వహీదా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. భయం వేస్తే గబగబా మాట్లాడే అలవాటు ఆమెది. "మొన్న శుక్రవారం చూడాలి మేడం. హనుమంతవాక దగ్గర నాకు పచ్చ పడింది. వెనక బండ్లోళ్ళు చెవులు పగిలేలా హారన్లు కొడుతున్నారు. నా కాలు మాత్రం బ్రేకు మీంచి లేవదే! బుడంకాయ్ అంటున్నాను, కూర్చున్నాను. కుడివైపు నుంచి లారీ ఎర్ర లైటు దాటుకుని నా ముక్కు ముందు నుంచి పోయింది. గాలికి వ్యాను ఊగింది. ఒక్క అడుగు ముందుకు వేసుంటే..." ఆమె మాట పూర్తి చెయ్యలేదు.

"వ్యానులో ఎంతమంది?" అన్నాడు పైడిరాజు.

"పద్నాలుగు మంది తాతా. చిన్నది యూకేజీ."

కృపానందం చెయ్యి మీట మీద ఉంది. ఝాన్సీ తల ఊపితే నొక్కడమే.

పైడిరాజు రెండు చేతులతో తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాన్నా, పెట్టుకో."

"వొద్దు మేడంగారూ."

ఆ రెండో మాట ఝాన్సీకి చెంపదెబ్బలా తగిలింది. కంగారులో ఆయన, ఈమె తన కూతురని బట్టీ పట్టింది మర్చిపోయాడు.

"కూడళ్ళలో గుద్దుకునేది ఎప్పుడో తెలుసాండీ మీకు?" పైడిరాజు కొత్తవాళ్ళకు చెప్పే గొంతుతో అన్నాడు. "ఇద్దరూ ఆపకపోతే ఎలాగూ గుద్దుకుంటారు. అది కాదు. ఒకడు ఆగి, నువ్వెళ్ళు అని చెయ్యి ఊపుతాడు. అవతలోడు నమ్మి కదుల్తాడు. అప్పుడు ఈడికి మనసు మారి ముందుకు దూకుతాడు. ఆ దెబ్బ గట్టిగా తగుల్తుంది. దారి ఇచ్చాక మళ్ళీ లాక్కోకూడదండీ. ఈ అమ్మ బండి ఇప్పుడు కూడలి మధ్యలో ఉంది. వెనక పద్నాలుగు మంది పిల్లలున్నారు."

"మీకు ఏం పోయిందో మీకు తెలియట్లేదు," ఝాన్సీ ఏడుస్తూ అరిచింది. "నాకు తెలుసు. ఒక్కసారి... నాకోసం ఒక్కసారి పెట్టుకోండి."

ఆయన ఆమె ఏడవడం చూసి నొచ్చుకున్నాడు. ఎవరి బిడ్డ ఏడ్చినా నొచ్చుకునేటంత, అంతే.

"మీరు పెట్టమంటే పెడతాను," అన్నాడు చివరికి. "మీరు పెద్ద సదువు సదివారు."

టోపీ మళ్ళీ తల మీదికి ఎత్తాడు. గదిలో మిగతా ఇద్దరూ ఝాన్సీ వైపే చూస్తున్నారు. వహీదా కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటోంది. ఆమె కుడి కాలు, నేల మీదే, లేని బ్రేకును నొక్కి పట్టుకుని ఉంది. నాన్న కాలు అలాగే ఉండేది. భోజనానికి కూర్చున్నా, సినిమా చూస్తున్నా, మడమ నేలకు ఆనించి, ముని వేళ్ళు సిద్ధంగా.

ఝాన్సీ గోడ దగ్గరికి నడిచి యంత్రం ప్లగ్గు పీకేసింది.

*

నెల్లాళ్ళకు పరిశోధన మూతపడింది. ఝాన్సీ తన చేత్తోనే నివేదిక రాసింది. కృపానందం అందించిన జవాబుల సంగతీ, తను వరస మార్చని సంగతీ, ఏదీ దాచలేదు. నేర్చుకున్న అరవై మందిలో ఇప్పటివరకు ఒక్కరికీ ప్రమాదం జరగలేదని కూడా రాసింది. ఆ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

పైడిరాజు బాగానే తింటున్నాడు. బాగానే నిద్రపోతున్నాడు. రోజూ పొద్దున్న ఝాన్సీ కాఫీ గ్లాసు అందిస్తూ, "నేను ఝాన్సీని నాన్నా, నీ కూతుర్ని," అంటుంది. "ఆ, ఆ," అంటాడు. మరునాటికి మళ్ళీ మామూలే. వీధిలోకి వెళితే మాత్రం ఆయన చెయ్యి ఆమె చేతిలోనే ఉండాలి. రోడ్డు కనబడితే దిగిపోతాడు.

ఆ రోజు ఇద్దరూ రైతుబజారు నుంచి తిరిగొస్తున్నారు. ఎండ ఎక్కుతోంది. కూడలి దగ్గర ఆగారు. ఆనపకాయ ఉన్న సంచి ఝాన్సీ భుజాన ఉంది.

"మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా?" అడిగాడు పైడిరాజు. ఊసుపోక కబుర్లు చెప్పే మనిషిలా.

"డ్రైవరు."

"ఓహో. మనోడే. యాక్సిడెంట్లు ఏమన్నా?"

"ఒక్కటీ లేదు."

"అబ్బో!" మెచ్చుకోలుగా తలాడించాడు. "కాలు మంచిదన్నమాట."

సంచి పట్టీ తెగింది. ఆనపకాయ దొర్లింది, వంకాయలు చెల్లాచెదురయ్యాయి. ఝాన్సీ వంగింది. వంగడానికి చెయ్యి వదిలింది. ఒక్క క్షణమే.

తలెత్తేసరికి పక్కన ఎవరూ లేరు.

పైడిరాజు రోడ్డు మధ్యలో ఉన్నాడు. బండ్లకు పచ్చ లైటు ఉంది. ఎర్ర అక్షరంతో ఎల్ బోర్డు అంటించిన తెల్ల కారు ఒకటి, దారి తనదే కాబట్టి, సాఫీగా వస్తోంది. ఝాన్సీ నోరు తెరిచింది. అరుపు రాలేదు.

టైర్లు కీచుమన్నాయి. కారు ముక్కు నేలకు వంగి, ఊగి, ఆగింది. అద్దం దించి ఉన్న కిటికీలోంచి ఒక కుర్రాడి గొంతు కూడలి అంతా వినబడేలా కేక వేసింది.

"బుడంకాయ్!"

ఆ ముఖం ఝాన్సీకి గుర్తు లేదు. అరవై మందిలో ఎవరో. స్టీరింగును రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. వెనక ఎవరో హారన్ కొట్టి, సంగతి చూసి మానేశారు.

పైడిరాజు బెదరలేదు. వంగి, బంపరుకూ తన మోకాలికీ మధ్య చెయ్యి పెట్టి కొలిచాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా. జానెడు. ముఖం వెలిగిపోయింది.

"మంచి బ్రేకు బాబూ," అన్నాడు బానెట్ తట్టి. "ఎవరు నేర్పారు?"

"తెలీదండీ," అన్నాడు కుర్రాడు ఏడుపు గొంతుతో. "కాలే వేసేసింది."

పైడిరాజు నిటారుగా నిలబడి, కేక ఎవరి కోసమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. ఫుట్‌పాత్ వైపు, దుకాణాల వైపు, ఆగిన బండ్ల వైపు.

"ఎవర్నో పిలిచావు కదా బాబూ. అంత గట్టిగా పిలిస్తే ఎవరూ పలకరేటి, పాపం?"

ఝాన్సీ చేతిలోని వంకాయలు వదిలేసింది. ఎడమ చూసి, కుడి చూసి, ఆగిన బండ్ల మధ్య నుంచి తండ్రి దగ్గరికి నడిచింది.

"ఆఁ, నాన్నా," అంది.